వసంతారంభమున మహానంది సీమ

సంక్రాంతి వెళ్లి మాఘము ప్రవేశించినది. నంద్యాల చుట్టుపట్ల నల్లరేగడి చేలలో శనగ పంట ఇంటికి చేరుచున్నది. తెల్లవారుజామున చలి యింకను వదలలేదు. మధ్యాహ్నమున మాత్రము ఎండ కొంచెము చురుకుమనుచున్నది. మామిడి పూత పట్టినది. నల్లమల అంచున మోదుగు చెట్లు ఆకు రాల్చి, నిప్పురవ్వలవంటి పూలతో నిలిచినవి. మాఘ బహుళము మొదలు చైత్ర పూర్ణిమ వరకు గల ఈ రెండు నెలలును రాయలసీమలో ప్రయాణము చేయదలచువారికి మిక్కిలి అనువైన కాలము. తరువాత వచ్చు ఎండలను గూర్చి ఈ సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పైప్రాంతమువారికి చెప్పినను నమ్మశక్యము కాదు.

రాయలసీమ యనగానే దూరమున నున్నవారికి తోచునది కరవు. అది అబద్ధమని నేను చెప్పను. కాని ఒక ఇంటిని ఆ యింట జబ్బుపడిన దినముననే చూచి, ఆ యింటివారు ఎల్లప్పుడును జబ్బువారే యనుట న్యాయము కాదుగదా! 1800 లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీవారి కప్పగించుటవలన వీనికి దత్తమండలములను పేరు వచ్చెను. ఆ పేరు తమకు చిన్నతనమని తలచి, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ఈ ప్రాంతపు పెద్దలు రాయలసీమ యను పేరును స్వీకరించిరి. దానిని సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు. పేరు మారినంతమాత్రమున వాన కురియదు. అయినను తమ నేలను ఇతరులు చూచు చూపు మారవలెనని ఆనాటివారు కోరిరి. ఆ కోరిక నెరవేరుటకు సభలకంటెను యాత్ర మంచి సాధనము. ఈ సీమను కరవు వార్తలలో కాక తిరుణాలలో చూచినవాడు దానిని గూర్చి వేరొక విధముగ మాటలాడును. అట్టి యాత్రను ఎచ్చట ప్రారంభింపవలెనని అడిగినచో, మహానందిలో ప్రారంభింపుడని చెప్పుదును. ఏలయనగా అచ్చట మనకు మొదట కనబడునది నీరు.

మహానంది క్షేత్రము నంద్యాల పట్టణమునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల పాదమున నున్నది. పూర్వము కర్నూలు జిల్లాలో చేరియుండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిలు నుండి నంద్యాల జిల్లా అయినది. గుంటూరు, గుంతకల్లుల మధ్య నల్లమలను దాటిపోవు రైలుమార్గము నంద్యాల మీదుగనే పోవును; ఆ మార్గముననే గాజులపల్లి స్టేషను మహానందికి దగ్గర. 2016 లో ఎర్రగుంట్ల, నంద్యాలల మధ్య క్రొత్త రైలుమార్గమున బండ్లు నడచుటతో కడపవైపు నుండి వచ్చువారికిని సౌకర్యము కలిగినది. నంద్యాల నుండి మహానందికి బస్సులు తరచుగ నడచుచుండును.

తొందర లేని యాత్రికుడు నంద్యాలలో దిగినవెంటనే మహానంది బస్సెక్కడు. ఈ సీమలో నవనందులు కలవు. ప్రథమనంది, నాగనంది, సోమనంది అను మూడును నంద్యాల పట్టణములోనే యున్నవి. సూర్యనంది మహానందికి పోవు త్రోవలో నున్నది. శివనంది కడమలకాల్వ గ్రామము దగ్గర, అడవి అంచున నున్నది. విష్ణునంది, దానినే కృష్ణనంది యనియు అందురు, చెట్ల చాటున ఏకాంతముగ నున్నది. గరుడనంది, వినాయకనంది మహానంది ఊరి సమీపముననే యున్నవి. తొమ్మిదవది మహానంది. ఈ తొమ్మిదింటిని ఒకే దినమున, సూర్యోదయము నుండి సూర్యాస్తమయము లోపల దర్శించుట ఇచ్చటి ఆచారము. కార్తికమాసమున ఈ ప్రదక్షిణమునకు జనము ఎక్కువ. మాఘ ఫాల్గునములలో చేసినవారికి త్రోవ ఖాళీగ నుండును, నీడ తీయగ నుండును. పురాణఫలము మాట యటుండనిండు. ఈ తొమ్మిది గుళ్లను చుట్టివచ్చువానికి పట్టణపు అంగడి వీథి, కాలువ గట్టు, వరిమళ్లు, అరటితోటలు, అడవి, కొండ అన్నియు ఒక్క పగటిలో కనబడును. ఒక సీమను పరిచయము చేయుటకు ఇంతకంటె చక్కని ఏర్పాటును ఏ యాత్రాసంఘమువారు చేయగలరు?

ఇక మహానంది నీటి మాట. గర్భాలయములో లింగము క్రిందుగ ఊట పుట్టి, ఆ నీరు ఆలయ ప్రాకారములోని కోనేటిలోనికి వచ్చును. దీనికి రుద్రగుండమని పేరు. అచ్చటి నుండి వెలుపలనున్న విష్ణుగుండ, బ్రహ్మగుండములకు, వానినుండి కాలువల ద్వారా పొలములకు పోవును. రుద్రగుండము లోతు సుమారు ఐదడుగులు. నీరు ఎంత తేటయనగా, అడుగున పడిన నాణెమును గట్టుమీద నిలిచి చూడవచ్చును. ఎండకాలమైనను వానకాలమైనను నీటిమట్టము ఒక్కతీరుగనే యుండును. వచ్చిన నీరు వచ్చినట్లే వెలుపలికి పోవుటకు ఆనాటి శిల్పులు చేసిన ఏర్పాటు అట్టిది. నీటిని కట్టివేయుట గొప్పగాదు. కదలనిచ్చుచునే నిలుపుట గొప్ప. మాఘమాసపు తెల్లవారుజామున ఈ గుండములో చేయి పెట్టినచో గోరువెచ్చగ తోచును. వైశాఖపు మధ్యాహ్నమున అదే నీరు చల్లగ తోచును.

ఇది మహిమ యని భక్తు లందురు. ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పునది ఇట్లున్నది. నల్లమల మీద కురిసిన వాన చెట్ల వేళ్ల వెంట నేలలోనికి దిగి, రాతిపొరల పగుళ్లలో మెల్లగ ప్రయాణము చేసి, కొండ పాదమున ఊటగ వెలువడును. భూమిలో కొంత లోతునకు పోయిన నీటికి పైనున్న ఎండతోను చలితోను సంబంధము తక్కువ. కావున దాని వేడిమి ఏడాది పొడుగునను ఇంచుమించు ఒక్కటే. మారునది నీరు కాదు, మన చుట్టునున్న గాలి. చలిలో నిలిచినవానికి అది వెచ్చన, ఎండలో నిలిచినవానికి అది చల్లన. ఈ రెండు మాటలకును విరోధము లేదు. పైనున్న అడవి లేనిదే క్రిందనున్న గుండము లేదని శాస్త్రము చెప్పుచున్నది. కొండ దేవుని తలయు, ఊట దేవుని పాదమును అన్న భక్తుడును ఆ మాటనే మరొక భాషలో చెప్పుచున్నాడు.

ఈ నీటితో క్రిందనున్న రెండువేల ఎకరములకు పైగా సాగగుచున్నదని చెప్పుదురు. మహానంది అరటి ఈ ప్రాంతమున పేరుపడినది. వర్షము ముఖము చూచి బ్రదుకు సీమలో, కొండ పాదమున ఈ పచ్చని అంచును చూచినవారికి, ఇచ్చట గుడి ఏల వెలసినదో వేరుగ చెప్పనక్కరలేదు. 1991 లో ఇచ్చట వ్యవసాయ కళాశాల స్థాపింపబడినది. గుడికి పోవు త్రోవలో అరటిగెలలను, పుస్తకములు పట్టుకొని పోవు విద్యార్థులను ఒకేసారి చూడవచ్చును.

క్షేత్రకథ యొకటి యున్నది. నందుడను రాజు మందలోని ఒక కపిలధేనువు దినదినము అడవిలోని ఒక పుట్టపై పాలు కురిపించి పోవుచుండెనట. పసులకాపరి వలన ఆ మాట తెలిసికొని రాజు పొదలచాటున పొంచి చూచెను. ఆవు బెదరి, పుట్టమీద కాలు మోపి పరుగెత్తెను. లోపలనున్న లింగము ఆ గిట్ట తాకిడికి అణగెను. నేటికిని మహానందీశ్వరుని లింగము నిటారుగ కాక అణగి, పైన గిట్ట గుర్తుతో నుండును. దేవుని రూపమును దిద్దినది శిల్పి కాదు, బెదరిన ఒక ఆవు. పశువే ధనమైన ఈ సీమకు ఇంతకంటె తగిన కథ లేదు. అమ్మవారు కామేశ్వరీదేవి.

శిల్పమునందు ఆసక్తి గలవారు గర్భాలయముపై నున్న శిఖరమును నిలిచి చూడవలెను. అది దక్షిణదేశపు గుళ్లవలె మెట్లు మెట్లుగ నుండక, నిలువుగీతలతో వంపు తిరిగి పైకి పోవును. బాదామి చాళుక్యుల కాలమున, అనగా ఏడు, ఎనిమిది శతాబ్దులలో, తుంగభద్ర తీరమున అలంపురములో నవబ్రహ్మాలయములు వెలసినవి. ఆ శిఖరములకును దీనికిని గల పోలిక స్పష్టము. ముందున్న గోపురము తరువాతి కాలపుది. ఔత్తరాహ దాక్షిణాత్య రీతులు ఒక్క ప్రాకారములో ప్రక్కప్రక్కన నిలిచియుండుట ఈ సీమ విశేషము.

మాఘ బహుళ చతుర్దశి మహాశివరాత్రి. ఇది సాధారణముగ ఫిబ్రవరి రెండవ వారము మొదలు మార్చి రెండవ వారము లోపల వచ్చును. మహానందిలో బ్రహ్మోత్సవములు అప్పుడే జరుగును. చుట్టుపట్ల పల్లెలనుండి జనము ట్రాక్టర్లలోను, బస్సులలోను, కాలినడకను వచ్చుదురు. పగలెల్ల ఉపవాసము, గెనుసుగడ్డలు, అరటిపండ్లు ఫలాహారము. రాత్రి లింగోద్భవకాలమున అభిషేకము, స్వామివారికి అమ్మవారికి కల్యాణము, అటుతరువాత తేరు. జాగరణకు హరికథలు, భజనలు, నాటకములు. ఈ పండుగలకే సీమలో పలుచోట్ల ఎద్దుల బండలాగుడు పోటీలును జరుగును. నున్నగ మెరయు ఒంగోలు జాతి కోడెలు బరువైన బండను ఈడ్చుచుండగా, రైతు వాని ప్రక్కన పరుగెత్తుచు పిలుచు పిలుపును వినవలెను. ఆ పిలుపులో పందెపు పౌరుషము కొంత. బిడ్డను బుజ్జగించు తండ్రి గొంతు మిగిలినది.

ఆ రాత్రియే శ్రీశైలములో పాగాలంకరణ జరుగును. చీరాల ప్రాంతపు నేతగాండ్ర వంశమువారు దినమునకొక్క మూర చొప్పున ఏడాది పొడుగున నేసిన మూడువందల అరువదియైదు మూరల వస్త్రమును తెచ్చి, మల్లికార్జునస్వామి ఆలయ శిఖరము నుండి ముఖమండపము మీదనున్న నందులను కలుపుచు చుట్టుదురు. పెండ్లికుమారునికి తలపాగా చుట్టుట యది. ఆ సమయమున దీపములు ఆర్పివేయుదురు. చుట్టువాడు దిగంబరుడై చీకటిలో ఆ పని చేయును. లక్షలమంది కూడిన చోట ఒక గడియసేపు అందరును చీకటిలో నిలిచి ఒక నేతగాని చేతిపనికై ఎదురుచూతురు. రాజులు కట్టించిన ప్రాకారముల నడుమ, ఆ ముహూర్తమునకు అధికారి ఆ నేతగాడే.

శ్రీశైలమునకు బస్సులో పోవువారు దోర్నాల ఘాటుమీదుగ పోవుదురు. కాలినడకను పోవు పూర్వమార్గ మొకటి కలదు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురమున అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగ కైలాసద్వారము చేరుదురు. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజ్య స్థాపకుడగు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల అహోబలములకు మెట్లు కట్టించెను. ఆ రాతిమెట్ల మీద నేటికిని శివరాత్రికి, ఉగాదికి యాత్రికులు నడచుచున్నారు. భీమునికొలను లోయలోనికి దిగి మరల ఎక్కు నప్పుడు కాళ్లకు పరీక్ష. త్రోవ పొడుగునను దాతలు మజ్జిగ, అన్నము, మంచినీళ్లు ఇచ్చుచుందురు. ఎవరు పెట్టిరో ఎవరు తినిరో ఒకరి పేరొకరికి తెలియదు.

ఫాల్గునము వచ్చినది. శుద్ధ విదియ మొదలు తుంగభద్ర తీరమున మంత్రాలయములో రాఘవేంద్రస్వామివారి గురువైభవోత్సవములు జరుగును. అదే పక్షమున నల్లమల దక్షిణభాగమున అహోబలములో నృసింహస్వామి బ్రహ్మోత్సవములు. మహానందిని చూచినవారు ఆళ్లగడ్డ మీదుగ అహోబలమునకు పోవుట సులభము. కాని అహోబలమున ముఖ్యముగ తెలిసికొనవలసినది బ్రహ్మోత్సవముకంటె దానికి ముందు జరుగు పారువేట. కనుమనాడు స్వామి పల్లకియెక్కి కొండ దిగును. చెంచులు ఆ పల్లకికి బాణము వేసి వేడుకను ప్రారంభింతురు. అటుపై నలువది దినములకు మించి స్వామి ముప్పదికి పైగా గ్రామములు తిరుగును. ఏలయనగా ఆయన చెంచులక్ష్మిని చేపట్టినవాడు. తన పెండ్లికి రమ్మని అత్తవారివైపు జనమును ఇంటింట పిలుచుటకు స్వయముగ బయలుదేరును. దేవుని చూడ జనము గుడికి పోవుట అన్ని చోట్లను కలదు. జనమును పిలువ దేవుడు పల్లెకు పోవుట ఇచ్చట చూడవలెను. ప్రతి యూరిలోను స్వామి దిగుటకు ఒక తెలుపు (ఆ దినము, ఆ అరుగు) పూర్వమునుండి ఏర్పడి యున్నది. పల్లకి వచ్చిన దినమే ఆ యూరికి పండుగ. ఆడబిడ్డలు పుట్టిండ్లకు వత్తురు, క్రొత్త అల్లుండ్రకు పిలుపులు పోవును.

ఫాల్గున పూర్ణిమకు హోళి. ఆదోని దగ్గర సంతేకుడ్లూరు గ్రామమున ఆ పండుగ నాడు మగవారు చీరలు కట్టి, నగలు పెట్టుకొని, పూలు తురుముకొని రతీమన్మథులను పూజింతురు. కోరికలు నెరవేరిన వారు, నెరవేరవలెనని మ్రొక్కువారు, పంట బాగుండవలెనని కోరువారు అందులో నుందురు. క్రొత్తగా చూచువారికి నవ్వు వచ్చుట సహజము. కాని ఆ గుడి ముంగిట వారి ముఖములలో పరిహాసము లేదు. ఇంటి ఇల్లాలు తల్లికి చీర సర్ది, బొట్టు దిద్ది పంపుచున్న పెద్దతనమే కలదు. చూడబోవువారు ఆ సంగతి మనసున నుంచుకొని పోవలెను.

ఉగాదికి శ్రీశైలము మరల నిండును. అప్పుడు వచ్చువారు ముఖ్యముగ కన్నడిగులు. వందల కిలోమీటర్లు నడచి కర్నూలు, ఆత్మకూరుల మీదుగ అడవి దాటి వచ్చుదురు. పండ్రెండవ శతాబ్దిలో అక్కమహాదేవి నడచి వచ్చినదియు ఈ కొండకే. భ్రమరాంబను వారు తమ ఇంటి ఆడపడుచుగ తలతురు. కావున చీర, పసుపు, కుంకుమలను పుట్టింటి సారెగ తెత్తురు. ఆడబిడ్డను చూడబోవువాడు ఎంత దూరమైనను దూరమనడుగదా!

అదే ఉగాదినాడు కడపలో మరొక దృశ్యము. దేవుని కడప శ్రీ లక్ష్మీవేంకటేశ్వరస్వామి ఆలయమునకు ఆ యుదయమున ముస్లిము కుటుంబములు కొబ్బరికాయలతో వచ్చి వరుసలో నిలుచుదురు. స్వామి చేపట్టిన బీబీ నాంచారి తమ ఆడబిడ్డయని, అందుచే స్వామి తమకు అల్లుడని వారి విశ్వాసము. క్రొత్త సంవత్సరమున అల్లుని చూడక ఇంటికి పోరు. దీనిని ఎవరును శాసనముచే ఏర్పరుపలేదు, ఉపన్యాసములచే నేర్పలేదు. తాతలు వచ్చిరి గనుక మనుమలు వచ్చుచున్నారు.

ఉగాది మరునాడు కర్నూలు జిల్లా ఆస్పరి మండలములోని కైరుప్పలలో పిడకల సమరము. వీరభద్రస్వామి, కాళికాదేవి ఒకరినొకరు వలచి, పెండ్లి విషయమున మాటపట్టింపు రాగా, ఇరుపక్షములవారును పిడకలతో కొట్టుకొనిరని కథ. ఊరు రెండు పక్షములుగ చీలి, కుప్పలుగ పోసిన పిడకలను ఒకరిపై నొకరు రువ్వుకొందురు. గాయములు తగులుచునే యుండును. పోరు ముగియగానే ఇరువురును కలిసి గుడికి పోయి విభూతి పూసికొందురు. తరువాత దేవుని కల్యాణము జరుపుదురు. దెబ్బ తిన్నవానికిని కొట్టినవానికిని పెండ్లిభోజనము ఒక్క పంక్తిలోనే. పగలను గూర్చి ఈ సీమకు చెడ్డపేరు తెచ్చిన కథలు చాల వినియుందురు. పగను ఒక్క పగటికి పరిమితము చేసి, సాయంకాలమునకు చుట్టరికముతో ముగించు విద్య కూడ ఈ సీమవారికి తెలియునని ఆ కథలతోపాటు వినవలెను. చూడగోరువారు దూరపు మిద్దెమీద నుండి చూచుట క్షేమము.

చివరకు ఒంటిమిట్ట. కడపకు ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున కోదండరామాలయము. శ్రీరామనవమికి బ్రహ్మోత్సవములు ప్రారంభమగును. అన్నిచోట్లను రాముని పెండ్లి పగటిపూట కాగా, ఒంటిమిట్టలో చైత్రపు పండువెన్నెలలో జరుగును. పగటి పెండ్లిని చూడ నోచుకొనని చంద్రుని కోరిక తీర్చుటకని స్థలకథ. ఒక్క శిలలో సీతారామలక్ష్మణులున్నారు. ఆ శిలలో హనుమంతుడు లేడు. పదునేడవ శతాబ్దిలో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ ఆలయమును చూచి మెచ్చుకొనెను. తరువాత అది శిథిలము కాగా, ఆంధ్రవాల్మీకి యని పేరుపొందిన వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర బిచ్చమెత్తి ఆ ధనముతో గుడిని బాగుచేయించిరి. చదువుకొనినవాడు, ఉద్యోగము చేసినవాడు బిచ్చమునకు చేయి చాచుటకు వెనుదీయలేదు. రాష్ట్రవిభజన తరువాత, 2015 నుండి, ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు శ్రీరామనవమి కల్యాణమును ఒంటిమిట్టలో అధికారికముగ జరుపుచున్నారు. నేడు అచ్చట వెలుగు దీపములెన్నియో యున్నవి. వానిలో ఆ టెంకాయచిప్ప వెలుగును మరువరాదు.

శ్రోతలారా! ఈ రెండు నెలల వేడుకలను ఒక వరుసలో పెట్టి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఇవి అన్నియు పెండ్లిండ్లు. మహానందిలో పెండ్లి, శ్రీశైలములో పెండ్లి, అహోబలములో పెండ్లిపిలుపు, కైరుప్పలలో కొట్లాడి చేసికొనిన పెండ్లి, ఒంటిమిట్టలో వెన్నెల పెండ్లి. పెండ్లి యనగా చుట్టరికము. చెంచులకు దేవుడు బావ; కన్నడిగులకు అమ్మవారు ఆడపడుచు; కడప ముస్లిములకు స్వామి అల్లుడు; చీరాల నేతగాడు పెండ్లికుమారునికి పాగా చుట్టువాడు. వాన నమ్మరాని నేలమీద మనిషి నమ్మదగినది చుట్టము నొక్కనినే. పంట పోయినయేట ఎవరి ఇంటికి పోవలెనో తెలియుటకు, పంట పండినయేట అందరిని పిలుచుట ఇచ్చటివారి పద్ధతి.

కావున ఇచ్చటికి వచ్చు యాత్రికుడును చుట్టమువలె రావలెను. చుట్టము ఎట్లు వచ్చును? దినము తెలిసికొని వచ్చును. తిథులు ఏటేట మారుచుండును గనుక పంచాంగము చూచి బయలుదేరవలెను. శివరాత్రి, ఉగాది దినములలో శ్రీశైలమునకు పోవువారు బసకు ముందుగనే ఏర్పాటు చేసికొనవలెను. జనసమ్మర్దము సహింపలేని వృద్ధులు, పసిపిల్లల తల్లులు ఉత్సవమునకు నాలుగు దినములు ముందుగనో వెనుకగనో వచ్చినచో, అదే దేవుని, అదే నీటిని నెమ్మదిగ చూడవచ్చును. మూడు దినములే తీరిక గలవారికి నా సలహా యిది. మొదటి దినము నంద్యాలలో దిగి నవనందులను చుట్టి మహానందిలో బస. రెండవ దినము బనగానపల్లె మీదుగ యాగంటి. అచ్చటి ఉమామహేశ్వరాలయపు కోనేరును, కొండగుహలను, ఏటేట పెరుగుచున్నదని జనులు నమ్ము నందిని చూడవచ్చును. మూడవ దినము అహోబలము. ఎండ ముదరక పూర్వమే నడక ముగించుకొనుడు. జొన్నరొట్టె, ఉగ్గాని బజ్జి రుచిచూడక మరలిపోకుడు.

చుట్టము ఇంటిని పాడుచేయడు. నల్లమలలో విస్తారభాగము నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల సంరక్షణాలయము. దేశములోని అట్టి సంరక్షణాలయములలో విస్తీర్ణమున ఇదియే పెద్దది. ఫాల్గునమున అడవియంతయు ఎండుటాకు. ఆర్పక పారవేసిన ఒక బీడీముక్క చాలును, కొండవాలు మసియగుటకు. నడచువారు గుంపుగ, పగటివేళ, అటవీశాఖవారు తెరచిన త్రోవనే నడువవలెను. తెచ్చిన ప్లాస్టిక్కు సంచిని, నీటిసీసాను తిరిగి తీసికొనిపోవలెను. మహానంది గుండములో స్నానమును గూర్చి దేవస్థానమువారు పెట్టు నియమములను పాటింపవలెను. సబ్బును, నూనెను, పాతబట్టను ఆ నీటికి చూపరాదు.

ఇది కేవలము శుభ్రతను గూర్చిన హితవు కాదు. ముందు చెప్పినట్లు, కొండమీది చెట్టు వేరు పట్టి దించిన వానయే క్రింద ఊట యగుచున్నది. అడవి కాలినచో వాన నేలలోనికి దిగక వాగుల వెంట పారిపోవును. క్రింద గుడి యుండును, గోపురముండును. పూజారులుందురు, తేరు కదలును. కాని దేవుని పాదముల క్రింద తడి యుండదు. ఆ తడిని నమ్ముకొని అరటి నాటిన రైతునకును, వేసవిలో దోసిలి పట్టిన బాటసారికిని అప్పుడు ఏమి సమాధానము చెప్పగలము? శతాబ్దులుగ ఎందరో స్నానములు చేసిన గుండములో నేటికిని అడుగున పడిన నాణెము కనబడుచున్నదనగా, మనకు ముందు వచ్చినవారు దానిని మనకై కాపాడి పోయిరని యర్థము.

ఈ ఏడు మాఘ బహుళమున, వీలైనవారు బయలుదేరి రండు. తెల్లవారుజామున గుండము గట్టున ఒక నిముసము ఊరక నిలువుడు. గోరువెచ్చని ఆ నీటిని దోసిట పట్టి చూచి, తరువాత తల యెత్తి కొండను చూడుడు. ఆ రెంటికిని గల సంబంధమును మీతో వచ్చిన పిల్లలకు చెప్పుడు. యాత్రకు అంతకు మించిన ఫలమును నేను కోరను.